మచ్చల లెక్క

ఛాయాదేవికి ఆ పొద్దుటి నుంచీ ఒంట్లో బాగాలేదు. జ్వరమా అంటే జ్వరం కాదు, నొప్పా అంటే నొప్పి కాదు. నలభైతొమ్మిదేళ్ళ మనిషి, రోజుకి పది గంటలు కుర్చీకి అతుక్కుపోయి కంప్యూటరు తెరకి కళ్ళప్పగించే మనిషి, అలిసిపోక ఏం చేస్తుంది? పడుకుంటే తీరే అలసటైతే ఆదివారం ఒక్కటి చాలు. ఇది ఆదివారాలని కూడా మింగేసిన అలసట.

సూర్యారావుపేటలో ఓ క్యాన్సరు ఆసుపత్రి మూడో అంతస్తులో, పాత ఫైళ్ళ గదికి మధ్యలో చెక్కలు కొట్టి ఇచ్చిన సగంలో ఆవిడ ఆఫీసు. ఆసుపత్రిలో అందరూ ఆవిణ్ణి కంప్యూటరు మేడం అంటారు. ప్రింటరులో కాగితం ఇరుక్కున్నా ఆవిడకే ఫోను చేస్తారు, ఆవిడ చేసే పనేమిటో తెలియక. తెలియకపోతే తప్పేం లేదు గాని, ఈ కథంతా ఆ పని మీదే నడుస్తుంది కాబట్టి కాస్త ఓపిక పట్టి వినండి.

మనిషి ఒంట్లో డీఎన్‌ఏ రోజూ తెగుతూనే ఉంటుంది. ఎండకి తెగుతుంది, పొగకి తెగుతుంది, ఏ కారణమూ లేకుండా ఊరికే కూడా తెగుతుంది. ఒళ్ళు ఎప్పటికప్పుడు దాన్ని అతుక్కుంటూ బతుకుతుంది. కొన్ని క్యాన్సరు గడ్డలకి ఆ అతుకు సరిగ్గా వేసుకోవడం చేతకాదు. చేతకాక అడ్డదిడ్డంగా వేసుకున్న చోటల్లా మచ్చలు పడతాయి. గడ్డ ముక్కని హైదరాబాదు పంపితే అక్కడి మిషన్లు దాని డీఎన్‌ఏ అంతా చదివి కోట్ల కొద్దీ అక్షరాలు వెనక్కి పంపుతాయి. అందులో మచ్చలు వెతికి లెక్కపెట్టడం ఛాయాదేవి పని. లెక్క నలభై రెండు దాటితే ఆ గడ్డకి అతుకు చేతకాదని అర్థం. అలాంటి గడ్డని ఒకరకం మాత్రలతో చంపొచ్చు. దాటకపోతే ఆ మాత్రలు దండగ, ఒంటికి హింస.

పదకొండింటికి టీ కోసం కిందికి దిగింది. ఏప్రిల్ నెల, బెజవాడ ఎండ. ఓపీ ముందు కుర్చీలన్నీ నిండిపోయి జనం గోడలకి ఆనుకుని నిలబడ్డారు. ఫ్యాన్లు తిరుగుతున్నాయే గాని గాలి ఎవరికీ తగలడం లేదు. ఆ మందలోంచి ఎవరో పిలిచారు.

"మేడం! మేడం గారూ! గుర్తుపట్టారా? యాభై ఏడు!"

ఉషశ్రీ. కూచిపూడి దాటి ఇంకాస్త లోపలికి పోతే వచ్చే పల్లెటూరు ఆమెది. నాట్యం నేర్చుకునే ఆడపిల్లలకి డ్రస్సులు కుడుతుంది. అరమండిలో కూర్చోగానే ముందర విసనకర్రలా విచ్చుకునే కుచ్చులుంటాయే, అవి కుట్టడం అందరికీ రాదు. ఆమె చేతికి బాగా వచ్చు. భర్త వడ్ల లారీ మీద ఊళ్ళు తిరుగుతాడు. నలభై ఒకటో ఏట అండాశయంలో క్యాన్సరు వచ్చింది, ఆపరేషనయింది, ఇంజెక్షన్లయ్యాయి, ఏడాది తిరక్కుండానే మళ్ళీ తిరగబెట్టింది.

ఆ తిరగబెట్టినప్పుడే ఆమె గడ్డ ముక్క ఛాయాదేవి దగ్గరికి వచ్చింది. లెక్క యాభై ఏడు తేలింది. డాక్టరు లక్ష్మీకాంత్ ఛాయాదేవిని కిందికి పిలిపించి, "ఈవిడకి కాస్త అర్థమయ్యేట్టు చెప్పండి" అన్నాడు. ఆవిడ చెప్పింది. "నలభై రెండు దాటితే చాలమ్మా, మీకు యాభై ఏడు వచ్చింది" అనేసరికి ఉషశ్రీ మొహం వెలిగిపోయింది. "అయితే పాసయ్యానా మేడం?" అంది. ఈ ఊళ్ళో మార్కులకున్న మర్యాద మనుషులకి ఎక్కడిది? అప్పటినుంచీ ఆమె ఆ యాభై ఏడుని ఎంసెట్ ర్యాంకులా చెప్పుకు తిరుగుతోంది.

ఆ పాసుతో రెండోసారి ఇంజెక్షన్లు తప్పాయి. మాత్రలు మొదలయ్యాయి, పూటకి రెండు, పరిశోధన కింద ఆసుపత్రే ఇస్తుంది. మొదటిసారి ఇంజెక్షన్లకి ఉషశ్రీ వేళ్ళు తిమ్మిరెక్కిపోయి, సూదిలో దారం ఎక్కించలేక మిషను ముందు కూర్చుని ఏడ్చిందట. మాత్రలైతే వేళ్ళు దక్కుతాయన్న మాటకే ఆమె ఎగిరి గంతేసింది.

అదంతా మూడు నెలల కిందటి మాట. ఇప్పుడు చూస్తే పెదాల్లో రక్తం చుక్క లేదు. కూర్చున్నచోటనే ఆయాసపడుతోంది.

"రక్తం తగ్గిందంట మేడం. మొన్న రెండు ప్యాకెట్లు ఎక్కించారు. మందు గట్టిగా పనిచేస్తుంటే అట్టాగే ఉంటదంటగా?"

"ఎవరన్నారు?"

"మా అమ్మ."

పక్కన కూర్చున్న కనకలక్ష్మి ఒళ్ళో క్యారేజీ సర్దుకుంటూ, "అంతేగదమ్మా. తియ్యగా ఉంటే అది మందెందుకవుద్ది?" అంది. అరవై దాటిన మనిషి, బక్కపల్చన, నుదుట బొట్టు లేదు. "మా మామయ్య ఉంటే ఈ ఆసుపత్రి తిరుగుళ్ళన్నీ ఆయనే చూసుకునేవాడు. ఇదంటే ప్రాణం ఆయనకి. పోయి రెండేళ్ళయింది."

"ఎవరి మామయ్యండీ?" అంది ఛాయాదేవి, మాటవరసకి.

"నాకేనమ్మా. దీని నాన్న. మా అమ్మకి సొంత తమ్ముడు. పద్నాలుగేళ్ళకి నన్నిచ్చి చేశారు. పెళ్ళయ్యాక ఏవండీ అని పిలవమంటే నాకు నోరు తిరగలా. మామయ్యా మామయ్యా అంటూనే కాపురమంతా చేశాను."

"మా అమ్మమ్మ మా నాన్నకి అక్కండీ" అని నవ్వింది ఉషశ్రీ. "మా ఇంట్లో ఎవరు ఎవరికేమవుతారో మాకే అప్పుడప్పుడూ తికమక."

ఛాయాదేవి కూడా నవ్వబోయింది. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. "ఇప్పుడే వస్తానమ్మా" అని టీ సంగతి మరిచిపోయి మెట్లెక్కింది.

పైకొచ్చి ఉషశ్రీ ఫైలు తెరిచింది. పాస్‌వర్డు రెండుసార్లు తప్పు కొట్టింది.

సంగతేమిటంటే, మనకి క్రోమోజోములు జతలుగా ఉంటాయి. జతలో ఒకటి అమ్మది, ఒకటి నాన్నది. రెండింటికీ అక్కడక్కడా తేడాలుండడం మామూలు. గడ్డలో చాలా పొడుగునా ఆ రెండూ అచ్చం ఒకేలా కనిపిస్తే, వీటిలో ఒకటి తెగిపోయింది, రెండోదాని నకలు వచ్చి అక్కడ చేరింది అనుకుంటుంది ప్రోగ్రాము. అనుకుని, అదొక మచ్చ అని లెక్కేస్తుంది. మరి అమ్మా నాన్నా ఒకే ఇంటివాళ్ళయితే? చాలాచోట్ల ఆ రెండూ పుట్టుకతోనే ఒకేలా ఉంటాయి. అక్కడ తెగిందీ లేదు, అతికిందీ లేదు. పాపం మిషను పుట్టుకని గాయమనుకుంటుంది.

ఆ ప్రోగ్రాము రాసినవాళ్ళు తెలివితక్కువ వాళ్ళేం కాదు. మేనమామని పెళ్ళి చేసుకోవడమన్నది కలలో కూడా ఎరగని దేశంవాళ్ళయినా, తల్లిదండ్రులు బంధువులా అని ఓ గడి పెట్టారు. అవునని రాస్తే, రోగి మామూలు రక్తమో ఉమ్మో కూడా చదివించి పక్కన పెట్టమంటుంది, పుట్టుకతో ఉన్నవి తీసేసి లెక్కపెట్టడానికి. లేదని రాస్తే గడ్డ ఒక్కటీ చాలంటుంది. ఖాళీగా వదిలితే మాత్రం ముందుకు కదలదు.

వార్డునుంచి వచ్చిన అరవై మూడు ఫారాల్లోనూ ఆ గడి ఖాళీయే. నర్సులని అని లాభం లేదు, క్యాన్సరు వచ్చి ఏడుస్తున్నవాళ్ళని పట్టుకుని మీ అమ్మానాన్నల పెళ్ళెలా జరిగిందని ఏ నోటితో అడుగుతారు? ఛాయాదేవి ఓ సాయంత్రం మొదటి గడిలో 'లేదు' అని కొట్టి, మౌసుతో పట్టుకుని అట్టడుగుదాకా లాగేసింది. అరవై మూడు లేదులు, రెండు సెకన్ల పని. శుక్రవారంలోపు ఫలితాలు పంపాలి, నడుం విరిగిపోతోంది, కరెంటు పోయి మధ్యాహ్నం చేసిందంతా మళ్ళీ చేయాల్సొచ్చింది. తర్వాత ఫోన్లు చేసి అడిగి సరిచేద్దాంలే అనుకుంది. ఆ తర్వాత అన్నది వస్తేగా?

ఈ పని ఏ పరాయిదేశం మనిషో చేసుంటే పోన్లే ఎరక్క చేశారనుకోవచ్చు. ఛాయాదేవి సొంత అమ్మానాన్నలు మేనత్త మేనమామ పిల్లలు! అవనిగడ్డ వైపు వాళ్ళ ఊళ్ళో బయటి సంబంధం చేసుకుంటేనే జనం నోరు నొక్కుకుని, ఇంట్లో పిల్ల లేదా అని అడిగేవాళ్ళు. అంత మామూలు సంగతి గనకే ఆవిడకి అదొక సంగతిగా తట్టలేదు. రోజూ తాగే నీళ్ళ రుచి ఎవరు పట్టించుకుంటారు?

ఇంకోటి కూడా ఉంది, అది తలుచుకుంటే ఆవిడకి ఇంకా సిగ్గేసింది. ఆ మాత్రలు వాడుతున్న మిగిలిన పదిమందికీ అతుకు వేసే జీనులోనే లోపం దొరికింది, వాళ్ళకి లెక్కతో పనిలేదు. ఉషశ్రీ జీన్లలో ఏ లోపమూ దొరకలేదు. దొరక్కుండానే యాభై ఏడు మచ్చలేమిటి, ఎక్కణ్ణుంచి వచ్చాయి అని ఒక్కసారి ఆగి ఉండాల్సింది. ఆగలేదు.

"నా చేతులు పడిపోను" అని పైకే తిట్టుకుంది.

రెండింటికి డాక్టరు లక్ష్మీకాంత్ గదిలోకి వెళ్ళింది. ఆయన అప్పుడే ఓపీ ముగించి బాక్సులో పెరుగన్నం తింటున్నాడు. ఆవిడ చెప్పిందంతా విన్నాడు. విన్నంతసేపూ స్పూను గాల్లోనే ఉంది.

"ఖాయమేనా?"

"నూటికి తొంభై పాళ్ళు ఖాయం సార్. ఉమ్మి పంపించి మళ్ళీ లెక్కేస్తే పూర్తిగా తేలుతుంది."

"ఎన్నాళ్ళు?"

"పన్నెండు రోజులు. అంతవరకూ మాత్రలు ఆపిద్దాం సార్."

ఆయన బాక్సు మూత పెట్టేశాడు. "తొంభై పాళ్ళతో ఎట్టా ఆపనండీ? రేపు మీ అనుమానమే తప్పని తేలితే? పనిచేసే మందు చేజేతులా ఆపినవాళ్ళమవుతాం. పరిశోధన కమిటీకి ఏం రాయను? పన్నెండు రోజులే కదా, తేలనివ్వండి. స్కాను కూడా అప్పుడే ఉంది. ఈలోపల ఆవిడకి ఏం చెప్పబాకండి, హడలిపోతుంది."

చెడ్డమనిషేం కాదాయన. రోజుకి ఎనభైమందిని చూసి, అందులో సగంమందికి అబద్ధం చెప్పలేక, నిజమూ చెప్పలేక, ఇంటికి పోయి భార్యతో కూడా మాట్లాడకుండా పడుకునే మనిషి. ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. అయినా ఛాయాదేవి అప్పుడు గట్టిగా నిలబడి ఉండాల్సింది. నిలబడలేదు. వాదించడానికీ ఓపిక కావాలి గదా, అది ఆవిడ దగ్గర అయిపోయి చాలా కాలమైంది. "సరే సార్" అని లేచి వచ్చేసింది.

అప్పటికి తల్లీకూతుళ్ళు మందుల సంచీ పుచ్చుకుని ఊరికి వెళ్ళిపోయారు. మళ్ళీ రమ్మంటే ఆ ఎండలో ఆ మనిషిని చంపినట్టే. మర్నాడు పొద్దున్నే ఛాయాదేవి తనే బస్సెక్కింది. కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు, కూచిపూడి, అక్కణ్ణుంచి ఆటో. ఎనిమిదిన్నరకి వాళ్ళ ఇంటి ముందు దిగింది.

వరండాలో కుట్టుమిషను, దానిమీద సగం కుట్టిన ఆకుపచ్చ డ్రస్సు. ఉషశ్రీ గబగబా లేచి కుర్చీ వేసింది. ఇంటికి ఆసుపత్రి మనిషి రావడం ఆమెకి పెళ్ళివారు వచ్చినంత సంబరంగా ఉంది.

"ఈసారి రక్తం వద్దమ్మా. ఈ గొట్టంలో గీత దాకా ఉమ్మితే చాలు."

"ఉమ్మా! అబ్బ, నా నెత్తిన పాలు పోశారు మేడం. సూదులు పొడిపించుకోలేక చస్తున్నా."

ఉమ్మి పట్టేదాకా ఏమీ తినకూడదు; ఉషశ్రీ ఇంకా తినలేదు, టిఫినయ్యాకే మాత్రలు వేసుకుంటుంది. అంతా బాగానే ఉంది గాని, ఉమ్మి రాదే! మందుల వేడికి నోరు ఎండిపోయింది. రెండుసార్లు గొంతు సవరించుకుంది, మూడుసార్లు బుగ్గలు పీల్చింది. గొట్టం అడుగున నురగ తప్ప ఏమీ లేదు.

పక్కింటి సంపూర్ణమ్మ పిట్టగోడ మీదనుంచి చూస్తోంది. "ఓసి నీ అసాధ్యం కూలా, మీ ఆయన్ని తలుచుకోవే, అదే వస్తది!" అంది.

"ఆయన్ని తలుచుకుంటే ఉన్నది కూడా ఎండిపోద్దత్తా!"

కనకలక్ష్మి ఇవేవీ వినకుండా లోపలికెళ్ళి పచ్చి మామిడికాయ తెచ్చింది. కూతురి ఎదురుగా కత్తిపీట వేసుకుని కూర్చుని టకటకా ముక్కలు కోసింది. వాటిమీద ఉప్పూ కారం చల్లి, పళ్ళెం తీసుకొచ్చి సరిగ్గా మొహం ముందు పెట్టింది.

"తినకూడదండోయ్" అంది ఛాయాదేవి కంగారుగా.

"తిననీను. చూస్తదంతే."

"చూపించి పెట్టకపోతే ఆ పాపం ఊరికే పోదే అమ్మా" అంది ఉషశ్రీ. అంటూనే నోరూరిపోయింది. ముగ్గురాడవాళ్ళూ పగలబడి నవ్వారు. కనకలక్ష్మి ఓ ముక్క తీసుకుని కూతురి కళ్ళెదురుగా కసుక్కున కొరికి, "పుల్లగా ఉంది, పళ్ళు జివ్వుమంటన్నాయి" అని ఊరించింది. గొట్టం గీత దాకా నిండింది. ఛాయాదేవి కూడా నవ్వింది, ఎన్నాళ్ళకో. నవ్వుతూనే ఈ మనుషుల ముందు తను ఎంత నీచంగా కూర్చుని ఉందో అనిపించింది.

"ఇది దేనికి మేడం?" అంది ఉషశ్రీ మూతి తుడుచుకుంటూ.

"ఇంకో పరీక్షమ్మా. లెక్క సరిచూసుకోవడానికి."

"ఈసారీ పాసవుతానంటారా?"

"చూద్దాం."

కనకలక్ష్మి రెండిడ్లీలు పెట్టింది. ఉషశ్రీ ఒకటి తిని ఒకటి వదిలేసింది. మందుల డబ్బా తెరిచి రెండు మాత్రలు అరచేతిలో వేసుకుని, నీళ్ళ గ్లాసు పట్టుకుని, ఎందుకో ఆగింది.

"పరీక్ష అయిపోయిందిగా, ఇక వేసుకోవచ్చా మేడం?"

ఛాయాదేవి నోరు తెరిచింది. నాలుక చివరిదాకా వచ్చింది మాట. పన్నెండు రోజులే కదా అన్న డాక్టరు గొంతు వినిపించింది. ఇప్పుడు చెబితే ఎక్కడ మొదలుపెట్టాలి, ఎంతసేపు చెప్పాలి, వాళ్ళ ఏడుపు ఎలా చూడాలి?

"వేసుకోమ్మా" అంది.

పన్నెండు రోజులు ఎలా గడిచాయో ఆవిడకే తెలియాలి. మిగిలిన అరవైరెండు మందికీ వరసగా ఫోన్లు చేసి, "మీ అమ్మగారూ నాన్నగారూ పెళ్ళికి ముందు ఏమైనా వరసవుతారా అండీ?" అని అడుగుతూ కూర్చుంది. నలుగురు కోప్పడ్డారు. ఎక్కువమంది చెప్పారు, ఆప్యాయంగా, వివరంగా, అడగని మేనత్తల పేర్లతో సహా. ఒక్కొక్కరికి రెండు నిమిషాలు పట్టింది. ఆ రెండు నిమిషాలు మొదట్లోనే పెట్టి ఉంటే ఏం పోయేది? చివరికి పద్దెనిమిది లేదులు అవునులయ్యాయి. ఈ లెక్కల మీద రాస్తున్న పరిశోధన పేపరు ఆగిపోయింది. దాని గురించి ఆవిడకి దిగులేమీ కలగలేదు.

పదమూడో రోజు పొద్దున హైదరాబాదునుంచి ఉమ్మి అక్షరాలు వచ్చాయి. ప్రోగ్రాము మళ్ళీ నడిపింది. మూడు గంటలు తిరిగి తెరమీద అంకె పడింది. ఇరవై ఒకటి.

మళ్ళీ నడిపింది. ఇరవై ఒకటి.

ఆ మధ్యాహ్నమే డాక్టరు గదిలో తల్లీకూతుళ్ళు కూర్చున్నారు. స్కాను ఫిల్ములు లైటు డబ్బాకి తగిలించి ఉన్నాయి. మూడు నెలల కిందట గోలీకాయంత ఉన్నది ఇప్పుడు నిమ్మకాయంత అయింది. లక్ష్మీకాంత్ గొంతు సవరించుకుని, "మందు మారుద్దామమ్మా. ఇంజెక్షన్లే మొదలుపెడదాం, ఈ వారంలోనే" అన్నాడు.

"ఇంజెక్షన్లా?" ఉషశ్రీ తన వేళ్ళవంక చూసుకుంది. "నాకు ఈ మాత్రలే సరిపోతాయన్నారుగండీ? పాసయ్యానన్నారుగా?"

డాక్టరు ఛాయాదేవి వంక చూశాడు. జబ్బు తీరు మారిందని ఒక్క ముక్క చెప్పి ఊరుకోవచ్చని అంతకుముందే ఆయన అన్నాడు. ఆవిడ వద్దంది. ఇప్పుడు చెప్పాల్సిందీ ఆవిడే.

"మీ ఊరికి రెండు కాలువల నీళ్ళు వస్తాయనుకోండి" అని మొదలుపెట్టింది. "ఒకటి అమ్మ వైపుది, ఒకటి నాన్న వైపుది. మామూలుగా రెండు నీళ్ళకీ కాస్త తేడా ఉంటుంది. రెంటిలోనూ ఒకే నీళ్ళు కనబడితే, ఒకటి గండిపడి ఎండిపోయింది, రెండోదాని నీళ్ళే ఇందులోకి మళ్ళాయి అనుకుంటుంది మిషను. అట్లాంటి గండ్లు యాభై ఏడని లెక్కేసింది. కాని మీ ఇంట్లో ఆ రెండు కాలువలూ ఒకేచోటినుంచి వచ్చాయి. మీ అమ్మగారు మేనమామని చేసుకున్నారు కదా. అందుకని చాలావరకు అవి గండ్లు కావు. సరిగ్గా లెక్కేస్తే ఇరవై ఒకటే. ఈ మాత్రలు మీకు పనికొచ్చేవి కావమ్మా."

ముందు కదిలింది కనకలక్ష్మి.

"అంటే నా వల్లేనా?" అంది. "నేను మా మామయ్యని చేసుకోబట్టేనా?"

"అమ్మా, అది కాదు..." అని ఏదో అనబోయాడు డాక్టరు.

"నాకు తెలుసండీ. దీనికి ముందు ఇద్దరు పుట్టి పురిట్లోనే పోయారు. అప్పుడూ డాక్టరమ్మ, మేనరికమా అని అడిగి తల కొట్టుకుంది. మా అమ్మమ్మ పొలం బయటికి పోకూడదంది, మా అమ్మ సరేనంది. పద్నాలుగేళ్ళదాన్ని, నన్నెవరడిగారు? అప్పుడు ఇద్దర్ని మింగాను, ఇప్పుడు దీన్ని మింగుతున్నా." పైటకొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. లక్ష్మీకాంత్ తల దించుకున్నాడు. ఉషశ్రీ తల్లి భుజం మీద చెయ్యేసింది.

ఎవరూ ఛాయాదేవి వంక చూడడం లేదు. ఆ సంగతి ఆవిడకి ఆ క్షణంలో స్పష్టంగా తెలిసింది. మేనరికం అన్న మాట చాలు ఈ దేశంలో, డాక్టర్లు తల ఊపుతారు, జనం తల ఊపుతారు, ముసలిది నెత్తిన వేసుకుంటుంది. ఆవిడ నోరు మూసుకుని కూర్చుంటే చాలు, ఇంటికి పోయి పడుకోవచ్చు. దేవుడా, ఎంత సుఖంగా ఉంటుంది! ఒక్క నిమిషం, నిజంగా ఒక్క నిమిషం, ఆవిడ అలాగే కూర్చుంది.

"కాదు పిన్నిగారూ" అంది తర్వాత కనకలక్ష్మితో. "ఈ జబ్బు మీ పెళ్ళివల్ల వచ్చింది కాదు. తప్పింది లెక్క. ఆ లెక్క వేసింది నేను. తల్లిదండ్రులు బంధువులా అని మిషను అడిగింది. నేను మిమ్మల్ని అడక్కుండా లేదని కొట్టేశాను. మీ ఒక్కరికే కాదు, అందరికీ కొట్టేశాను. బద్ధకించాను."

ఉషశ్రీ తల తిప్పింది. "ఎప్పుడు తెలిసింది మీకు?"

"ఆ రోజు కింద కుర్చీల్లో మీ అమ్మగారు చెప్పినప్పుడు అనుమానం వచ్చింది."

"అంటే మా ఇంటికొచ్చేటప్పటికి తెలుసు."

"తెలుసు."

"మాత్రలు వేసుకోవచ్చా అనడిగాను మిమ్మల్ని."

"అడిగారు. వేసుకోమన్నాను."

"ఆపొద్దన్నది నేనమ్మా" అన్నాడు లక్ష్మీకాంత్. ఉషశ్రీ ఆయన వంక తిరగనే లేదు.

"నా ఫోను నంబరు మీ దగ్గరుంది గదండీ? ఒక్క మాట అడిగితే చెప్పేదాన్ని. మా ఊళ్ళో ఎవర్నడిగినా చెబుతారు, అదేమన్నా దాచుకునే సంగతా?" గొంతు పెంచలేదామె. పెంచే శక్తి లేదు. "మూడు నెలలండీ. ఆ మాత్రలేసుకుని వాంతి వస్తే మళ్ళీ మింగేదాన్ని, లోపలికి పోకపోతే పనిచెయ్యదేమోనని."

ఛాయాదేవికి క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లలేదు. కళ్ళనీళ్ళు వాటంతటవే కారాయి.

అది చూసి కనకలక్ష్మి లేచి వచ్చింది. కొంగుతో తన మొహం తుడుచుకుని, ఛాయాదేవి చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది. "ఊరుకోమ్మా, ఏడవబాక. నా బాధ చూళ్ళేక నీ మీద వేసుకుంటన్నావు. నాకు తెలవదా? ఇంత చదువుకున్నోళ్ళు, మీరెందుకు తప్పు చేస్తారు? ఇది నా ఖర్మ తల్లీ, నీకెందుకు?"

"కాదండీ, నిజంగా..." అంది ఛాయాదేవి. ఆ ముసలిచేతులు ఇంకా గట్టిగా పట్టుకున్నాయి.

"అమ్మా" అంది ఉషశ్రీ. "ఆవిడ అబద్ధం చెప్పట్లా. తప్పు ఆవిడదే. నీది కాదు. విను."

కనకలక్ష్మి కూతురి మొహంలోకి చూసింది. తర్వాత ఛాయాదేవి మొహంలోకి చూసింది. పట్టుకున్న చెయ్యి వదిలేసింది.